సమ్మె రోజుల్లో మాత్రల సంచి

తెలంగాణ కోసం బస్సులు, బడులు, బొగ్గు బావులు ఒక్కసారే ఆగిపోయిన సకల జనుల సమ్మె రోజుల్లో నేను జనగామ నుంచి భూపాలపల్లి దాకా నడిచి వెళ్ళాను. అడవిలో, జోరు వానలో, భుజాన మందుల సంచితో. ఈ సంగతి పెళ్ళిళ్ళలో, దశదినాల్లో, మంగలి దుకాణంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కొంచెం సిగ్గు వేస్తోంది. నడిచింది నాలుగు కిలోమీటర్లు. మిగతాదంతా జీపు, ఆటో, పాల వ్యాను. వాన నిజమే, పావుగంట కురిసింది.

సంచిలో ఉన్న మందును నేనే కనిపెట్టానని కూడా ఆ దారిలో చెప్పాను. దానికి శిక్ష ఆ దారిలోనే పడింది, ఆ ముచ్చట వచ్చినప్పుడు చెప్తాను. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలు. అప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోవే, బస్సు ఉంటే ఒక్క పూట ప్రయాణం. నాకు మూడు రోజులు పట్టింది.

జనగామలో బయలుదేరడం

నేను హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాను. జనగామకు తిరిగి వచ్చి, పేపరు చదవడం, దాన్ని మళ్ళీ నలుగురికి ఇంకాస్త పెంచి వినిపించడం పనిగా పెట్టుకున్నాను. ఒక పొద్దున స్వరూప వచ్చింది. హెచ్ఐవి ఉన్నవాళ్ళ సంఘంలో పని చేస్తుంది, తనకూ ఉందని దాచదు. ఆమె గొంతు వింటే మా వీధి కుక్కలు కూడా లేచి నిలబడతాయి.

విషయం ఇది. ఆ జబ్బు మాత్రలు నెలనెలా వరంగల్ పెద్ద దవాఖానకు పోయి తెచ్చుకోవాలి. బస్సులు లేక చాలామంది పోలేకపోయారు. సంఘంవాళ్ళు పేషెంట్ల పుస్తకాలు చూపించి మాత్రలు తెచ్చి, బండి ఉన్నవాళ్ళతో ఊరూరికీ పంపిస్తున్నారు. ఇక రెండు డబ్బాలు మిగిలాయి. ఒకటి మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు. రెండోది భూపాలపల్లికి.

భూపాలపల్లి డబ్బాకే తొందర. అక్కడ దేవ్లీ అనే ఆమె ఉంది. (పేరు మార్చాను. ఈ ఒక్క అబద్ధానికి మాత్రం క్షమాపణ అడగను.) ఆమె అప్పటిదాకా వేసుకున్న పాత మాత్రలతో పాదాలు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి, బుగ్గలు లోపలికి పోయాయి. ఆ ముఖం చూసి పక్కింటివాళ్ళు ఏమైందని అడగడం మొదలుపెట్టారు. పాత డబ్బా అయిపోతే ఇక ఏ మందూ ముట్టనని భర్తతో తెగేసి చెప్పింది. మందు ఆపితే లోపల అణిగి ఉన్న రోగం మళ్ళీ లేస్తుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, రోజుకు ఒక్కటే వేసుకునే కొత్త మాత్ర రాసింది. ఆ కొత్త డబ్బాయే ఇప్పుడు స్వరూప చేతిలో ఉంది. దేవ్లీ దగ్గర నాలుగు రోజుల మాత్రలే మిగిలాయి.

నన్నే ఎందుకు ఎంచుకున్నావని అడిగాను. నా అనుభవం చూసి అంటుందనుకున్నాను.

"తెల్ల జుట్టు జూసి ఎవలూ ఆపరు బాపూ. ఇంకోటి, నువ్వు అబద్ధం మంచిగ ఆడుతవ్. సంచిల ఏముంది, ఎవలకు అని అడిగితే రోగం పేరు, మనిషి పేరు నోట్లకెళ్ళి రావొద్దు. గా పని నీ అసొంటోడే చెయ్యాలె."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు దొరకని మెప్పు అది. వెంటనే చెప్పులు వేసుకున్నాను.

తొర్రూరులో రోడ్డు మీద బంతి

పాలకుర్తి మీదుగా జీపు. డ్రైవరు మామూలు బస్సు ఛార్జీకి రెండింతలు అడిగాడు. సమ్మె అందరిదీ, డీజిల్ తన ఒక్కడిదీ అన్నాడు. జీపులో ఇరవై మందిమి కూర్చున్నాం. పదమూడు మందిమే, అందులో ఒకటి మేక. ఆ మేకకు నా సంచి నచ్చింది. తొర్రూరు దాకా సంచిని తలమీద పెట్టుకుని కూర్చున్నాను.

తొర్రూరు బస్టాండ్ ముందు జీపు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: నడిరోడ్డు మీద మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే బంతి కూర్చుని తింటారు. ధర్నా కూడా అదే, భోజనం కూడా అదే. మా జనగామలో పులిహోర చేసి ముగించేవాళ్ళు. తొర్రూరువాళ్ళు అన్నం, పప్పు, వంకాయ కూర వండి, పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కూడా వేశారు. ఉద్యమం మీద నాకు అప్పటిదాకా ఉన్న అభిమానం అక్కడ రెండింతలైంది.

దవాఖాన బండ్లను వదులుతున్నారు. నేను సంచి ఎత్తి, ఇందులో మందులున్నాయి, దారి ఇవ్వండి అన్నాను. గరిటె పట్టుకున్న ఒక అవ్వ తినకుండా ఎవరినీ పంపమంది. విస్తరి ముందు కూర్చోక తప్పలేదు. రెండోసారి పచ్చిపులుసు నేనే అడిగాను.

నా పక్కన వెంకటేశం సేటు కూర్చున్నాడు. పసుపు, కారం టోకున అమ్మే వ్యాపారి. ఆ రోజు బియ్యం బస్తాలు ఆయనే ఇచ్చాడు. ఏం మందు అని అడిగాడు. రోగం పేరు చెప్పకూడదు కదా. మాట మళ్ళించాలని, చాలా ఖరీదైన విదేశీ మందు, నేనే కనిపెట్టాను అన్నాను. అన్నం ముద్ద ఆయన నోటి దగ్గర ఆగిపోయింది. విదేశీ మందును నువ్వెట్ల కనిపెట్టినవ్ అన్నాడు. వ్యాపారస్తుల ముందు అబద్ధం ఆడేటప్పుడు ముందే కొంచెం ఆలోచించుకోవాలి.

సగం నిజంలోకి దిగాను. మందు కనిపెట్టిన పెద్ద కంపెనీకి పేటెంటు ఉంటుందని, ఇన్నేళ్ళ దాకా దాన్ని ఇంకెవరూ చెయ్యకూడదని చెప్పాను. ఆ కంపెనీ పెట్టే ధర మనలాంటి దేశాలవాళ్ళు అందుకోలేరు. అందుకని, తన ఇష్టంతోనే లైసెన్సు రాసి ఇస్తుంది: మీ ఫ్యాక్టరీలో చేసుకోండి, పేద దేశాల పట్టీ ఇదిగో, వాటిలోనే అమ్ముకోండి, అమ్మినదాంట్లో కొద్దిగా నాకివ్వండి. అలా పది ఫ్యాక్టరీలు పోటీపడి చేస్తే ధర నేలకు దిగుతుంది. వేర్వేరు కంపెనీల మందులను కలిపి ఒక్క మాత్రగా చేయడానికీ వీలు దొరుకుతుంది.

సేటు విస్తరి అంచు మడిచి, విన్నదాన్ని తన వ్యాపారం మాటల్లో నాకు తిరిగి అప్పజెప్పాడు.

"అంటే నా మార్కా పసుపు నువ్వు మర పట్టించుకో, మరిపెడల అమ్ముకో. తొర్రూర్ల నా దుకాణం ముంగట అమ్మకు. గంతేనా?"

"గంతే."

"మరిపెడోళ్ళు నా దగ్గరికి ఎట్లగూ వస్తలేరు. నాకు పోయేదేముంది. పేరు గూడ వస్తది." మడిచిన అంచును మళ్ళీ విప్పాడు. "అయినా మేం ఊకె ఇయ్యం. వాడెందుకు ఇచ్చిండు?"

రోగులు దేశదేశాల్లో రోడ్ల మీద కూర్చున్నారు, కోర్టులకు ఎక్కారు, లోకమంతా వేలెత్తి చూపింది, అప్పుడు ఇచ్చారని చెప్పాను. ఇది నిజమే, పెంచింది ఏమీ లేదు.

గరిటె అవ్వ మా మాటలు వింటూనే ఉంది. "ఇష్టంతోని ఇచ్చిన్రంటవ్, రోడ్డు మీద కూసున్నంకనే ఇచ్చిన్రంటవ్," అంది. "ఇష్టమని కాయితం మీద రాసుకుంటరు లే నాయినా. మాకు గూడ రేపు గట్లనే ఇస్తరు." నా విస్తట్లో ఇంకో గరిటె వేసింది.

మానుకోటలో నాకంటే ముందు చేరినది

సాయంత్రానికి ఆటోలో మానుకోట చేరాను. ఆ స్టేషన్ పట్టాల మీది కంకరరాళ్ళు, ఉద్యమకారులు ఏరి రువ్వడంతో, అంతకు ముందే పేరు మోశాయి. టీ కొట్టులో పేపర్లు ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టారు. అది ఆ నాటి రాయే అన్నాడు కొట్టతను. ఆ మాట అతను చెప్పిన తీరు చూసి, వీడు నా జాతివాడే అనుకున్నాను.

టీ తాగి సెంటర్లో దీక్షా శిబిరం ముందు నుంచి పోతుంటే మైకులో నా పేరు వినబడింది. "హైదరాబాద్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త, డాక్టర్ నర్సయ్య గారు." తొర్రూరు సేటు బావమరిది ఈ శిబిరంలో ఉన్నాడట. ఫోన్ వచ్చిందట. నేను జీపులూ ఆటోలూ మారుతూ వచ్చేలోపు, నా అబద్ధం మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చేసింది.

బంతిపూల దండ వేసి కూర్చోబెట్టారు. మిరపకాయ బజ్జీ పెట్టారు. మానుకోట మిర్చి సంగతి తెలియక ఒక్క కొరుకులో సగం తిన్నాను. కళ్ళ నుంచి ధారలు కారాయి. తెలంగాణ పేరు వినగానే పెద్దాయన ఎట్ల ఏడుస్తున్నడో చూడండి అని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. లేచి మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు, చాలా బాగా మాట్లాడానని మాత్రం అందరికీ చెప్తుంటాను. దిగుతుంటే ఒకాయన పంచె ఎత్తి మోకాలు చూపించాడు. ఆముదం రాసి వేడి నీళ్ళు పొయ్యమన్నాను. అది మా అమ్మ కనిపెట్టిన మందు, దానికి పేటెంటు లేదు.

జనం వెనక ఒక బక్క మనిషి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అతనే నేను కలవాల్సిన సత్తెయ్య, టైలరు. (ఇదీ మార్చిన పేరే.) ఆరు నెలలుగా అదే కొత్త మాత్ర మీద ఉన్నాడు. ఇంటికి తీసుకుపోయి డబ్బా అందుకున్నాడు. అందుకోగానే గిన్నెలో వేడినీళ్ళు పోసి డబ్బాను అందులో నిలబెట్టాడు. లేబుల్ నాని మెత్తబడ్డాక గోటితో ఒలిచి, ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. బోడి డబ్బా వెళ్ళి గుండీల పెట్టెలో చేరింది. వాళ్ళందరూ ఇలాగే చేస్తారట. బట్టలు కుట్టించుకోవడానికి ఇంటికొచ్చే గిరాకీలు చదవకూడదు కదా.

నాకు ఎక్కడో చివుక్కుమంది. ఎందుకంటే, ఒప్పుకుంటున్నాను, ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజరు. మాత్ర ఎట్ల తయారవుతుందో నాకు తెలియదు. డబ్బాలో ముప్పై మాత్రలు పడ్డాయా, సీలు కుదిరిందా, లేబుల్ వంకర లేకుండా అంటుకుందా, ఇదే నా విద్య. నేను ముప్పై ఏళ్ళు నిటారుగా అంటించింది అతను అర నిమిషంలో ఒలిచేశాడు.

ఈ సంగతి అతనికి చెప్పాను. నవ్వడం ఆపి, తలగోక్కున్నాడు. దేవ్లీ ఫోన్ చేస్తే, మందు చేసినాయనే స్వయంగా తెస్తున్నాడని తను పరాచికానికి చెప్పాడట. ఆమె నిజమనుకుంది.

"ఆమెకు కొత్త మాత్ర మీద నమ్మకం లేదే బాపూ. ఊకెనే ఇచ్చేది అసలుదెట్ల అయితదంటది. చేసినాయన వస్తే మొఖం మీదనే అడుగుత, జవాబు జెప్పకుంటే డబ్బా వాపస్ పంపిస్త అంటున్నది."

జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టారు. రెండూ బాగున్నాయి. నేనే ఒక్క రొట్టెతో లేచాను.

అడ్డంగా పడ్డ చెట్టు

మర్నాడు నర్సంపేట దాకా పాల వ్యాను. పాలు, మందులు, పీనుగులు, ఈ మూడింటికీ సమ్మెలో దారి ఉండేది. క్యాన్ల మధ్య ఒదిగి కూర్చున్నాను, దిగేసరికి నా మోకాళ్ళ నుంచి వెన్న వాసన వచ్చింది. అక్కడ ఆటో పట్టుకుని పోయి, ఆ రాత్రి ములుగులో దూరపు చుట్టాల ఇంట్లో పడుకున్నాను. మూడో రోజు ఒక ఆటో భూపాలపల్లికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఆగింది. రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేశారు. నన్ను చూసి ఇద్దరు ఉద్యమకారులు చెరో చెయ్యి పట్టి దాన్ని దాటించారు. నా చరిత్రలో నడక మొదలైంది ఇక్కడే, వాన పడిందీ ఇక్కడే. డబ్బాను చొక్కా లోపల పెట్టుకున్నాను. నేను తడిసినా ఏం కాదు, మాత్రలకు తేమ తగలకూడదు. ఇది మాత్రం నాకు నిజంగా తెలిసిన విద్య.

దారంతా దేవ్లీకి ఏం చెప్పాలో కూర్చుకున్నాను. మూడు కథలు తయారయ్యాయి. మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి.

భూపాలపల్లిలో తెల్లబట్టలు

బొగ్గు బావులు ఆగి చాలా రోజులైంది. తీగల మీద ఆరేసిన బట్టలు తెల్లగా ఉన్నాయి. ఇంత తెల్లగా అంగీలు తను ఈ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదని దారి చూపించినామె అంది.

దేవ్లీ వాళ్ళ సొంతూరు బయ్యారం వైపు తండా. భర్త హర్యాది బొగ్గు బావిలో కాంట్రాక్టు పని. సమ్మెతో పని లేక రొట్టెలు చెయ్యడం నేర్చుకుంటున్నాడు. ఆ రొట్టెల ఆకారం గురించి నేనేమీ రాయను. వాళ్ళిద్దరూ లంబాడీ భాషలో ఏదో అనుకుని నవ్వారు. నా గురించే అయి ఉంటుంది, అయినా మంచి నవ్వే.

నేను పెట్టిన డబ్బాను ఆమె ముట్టుకోలేదు. తడి గుడ్డ పరిచి, దాని మీద పాదాలు ఆనించి కూర్చుంది.

"నువ్వే చేసినవంట గద బాపూ. ఒక్క మాట చెప్పు. పైసలున్న దేశంల వాళ్ళు మింగేది, గిది, ఒక్కటేనా? వాళ్ళు అనుమతిచ్చిన్రు, మనోళ్ళు చేసిన్రు అని సంఘంల అంటున్నరు. అనుమతిచ్చి చేయించేది అసలుదెట్లయితది? నా పాదాల మంట గూడ ఊకెనే ఇచ్చిన మందుతోనే వచ్చింది."

మూడు కథలూ నాలుక చివరనే ఉన్నాయి. ఆమె తడి గుడ్డ మీద పాదాలను ఇటు నుంచి అటు జరిపింది. మూడూ లోపలికి పోయాయి.

నేను మందు చెయ్యలేదమ్మా, డబ్బాల్లో పోసినవాణ్ణి, అన్నాను. హర్యా రొట్టె తిప్పడం ఆపాడు. చెప్పుకుంటూ పోయాను. లైసెన్సు కాగితంలో ఒక షరతు ఉండేది: నాణ్యం మా మందుకు తగ్గకూడదు, ఎప్పుడైనా వచ్చి చూస్తాం. చెప్పినట్టే ఆ పెద్ద కంపెనీవాళ్ళు ఒకసారి వచ్చారు. ప్రతి డబ్బాలో మాత్రలతో పాటు తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి వెయ్యాలి. ఆ రోజు నేను ప్యాకింగ్ లైన్ మీది ఆడపిల్లలకు, చిన్నప్పుడు చిరుతను చెప్పుతో కొట్టిన కథ చెప్తున్నాను. (పిల్లి.) వాళ్ళు నవ్వులో పడ్డారు, పొట్లాల గంప ఖాళీ అయింది, డబ్బాలు మాత్రం ముందుకు పోతూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఒక డబ్బా తీసి విప్పారు. పొట్లం లేదు. ఆ లాటు డబ్బాలు మొత్తం ఆపేశారు. మూడు రోజులు అందరం కూర్చుని ఒక్కో డబ్బా విప్పి చూశాం. మా మేనేజరు గుంటూరాయన. నేను మాట్లాడే "గిట్ల, గట్ల"ను వెక్కిరిస్తూ అందరి ముందూ తిట్టాడు. యాస సంగతి పక్కన పెడితే, తిట్టు నాకు తగినదే. ఇంటిదానికి కూడా ఈ ముచ్చట చెప్పలేదు.

దేవ్లీ నన్నే చూస్తోంది.

"మందుల లోపం లేకుండెనా?"

"లేకుండె. మాత్రలు మంచియే."

"ఉత్త పొట్లం లేకుంటేనే గంత లొల్లి చేసిన్రా?"

"చేసిన్రు. నా ఇంక్రిమెంటు గూడ ఆపిన్రు."

ఆమె డబ్బా అందుకుంది. మూత తిప్పి, సీలును గోటితో పొడిచి, మాత్రలను చూడకుండా ముందు పొట్లం కోసమే వేలు పెట్టి వెతికింది. దొరికింది. పైకి తీసి భర్తకు చూపించి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. హర్యా పడిపడి నవ్వాడు. ఈసారి నా గురించేనని ఖాయంగా తెలిసింది.

నా ఫోన్ నుంచి స్వరూపకు కలిపితే ఆమె డాక్టరమ్మతో మాట్లాడించింది. పాతవి ఆపి, ఈ రోజు నుంచే కొత్తది, అన్నం తిన్నాక కొంచెం ఆగి, పడుకునే ముందు ఒకటి. మొదట్లో కొంచెం తల తిరగొచ్చు, కలలు గట్టిగా రావొచ్చు, కొన్ని వారాలకు తగ్గుతాయి. పాదాల మంట తగ్గడానికి మాత్రం టైం పడుతుంది. దేవ్లీ అన్నిటికీ ఊ కొట్టింది. వేసుకుంటానని మాత్రం అనలేదు.

ఆ రాత్రి నన్ను పక్కింట్లో పడుకోబెట్టారు. పొద్దున్నే వెళ్ళేసరికి హర్యా పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు. ఎదురుగా ఆమె గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు.

"వేసుకున్న బాపూ. ఏం కల వచ్చిందో తెలుసా. మా తండా తీజ్ పండుగ. ఆడోళ్ళమంత గుండ్రంగ తిరుగుకుంట ఆడుతున్నం, ఎగురుతున్నం. నేను గూడ. చెప్పుల్లేవు, ఎండల బండమీద. ఒక్క పాదం గూడ మండలే. తెల్లారేదాక ఎగిరిన. లేచి చూస్తే పిక్కలు నొప్పి."

నిద్ర ఎట్ల పట్టిందమ్మా అని కంగారుగా అడిగాను. తల తిరుగుతోందా అన్నాను. కొంచెం, అంది. డాక్టరమ్మ చెప్పిందే మళ్ళీ చెప్పి ధైర్యం ఇద్దామనుకున్నాను: భయపడకు, అలాంటి కలలు మొదట్లోనే, కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి.

దేవ్లీ నవ్వు ఆపి, టీ గ్లాసు కింద పెట్టింది.

"తగ్గాల్నా?" అంది.